జాకీ గూటి నుంచి మా అపార్ట్‌మెంట్ చెట్టు కింద దాకా

2025 మార్చి 14, శుక్రవారం పొద్దున. మా అత్తయ్య కాఫీ గ్లాసు పట్టుకుని టీవీ ముందు అలాగే నిలబడిపోయారు. "అమ్మాయ్, రాత్రి మూడున్నాయి కదా! ఇప్పుడు రెండే కనిపిస్తున్నాయేంటి? ఒకసారి వచ్చి చూడు" అని పిలిచారు. టీవీలో నడుస్తున్నది సీరియల్ కాదు. కాలిఫోర్నియా కొండల్లో బిగ్ బేర్ సరస్సు దగ్గర, నేలకి దాదాపు 145 అడుగుల ఎత్తున, ఒక పైన్ చెట్టు మీదున్న బాల్డ్ ఈగిల్ గూడు. తల్లి పేరు జాకీ, తండ్రి పేరు షాడో. రాత్రంతా మంచు తుఫాను. తెల్లారేసరికి మూడు పిల్లల్లో ఒకటి లేదు.

పిల్లల దగ్గరికి అమెరికా వచ్చిన పెద్దవాళ్ళకి పగళ్ళు ఎలా గడుస్తాయో ఇది చదివేవాళ్ళలో చాలామందికి తెలుసు. ఇర్వింగ్‌లో వ్యాలీ రాంచ్ వైపు మా ఇల్లు. ఇద్దరం ల్యాప్‌టాప్‌ల ముందు, పాప స్కూల్లో. తెనాలిలో గుమ్మం దగ్గర కూర్చుంటే పది మందిని పలకరించే ఆవిడ, ఇక్కడ జనవరి చలిలో బ్లైండ్స్ సందులోంచి పార్కింగ్ లాట్ చూస్తూ కూర్చునేవారు. మా పాప ఒకరోజు "నానమ్మా, ఇది చూడు" అని యూట్యూబులో ఈ గూడు పెట్టి ఇచ్చింది. జనవరి 22న మొదటి గుడ్డు, 25న రెండోది, 28న మూడోది. అప్పటినుంచి మా ఇంట్లో వంట టైము కూడా జాకీ, షాడో డ్యూటీ మార్చుకునే టైముని బట్టే.

ఆ శుక్రవారం అత్తయ్య అడిగిన ప్రశ్న చాలామంది అడిగేదే. "కెమెరా పెట్టిన వాళ్ళకి కనపడుతోంది కదా, ఎక్కి ఆ పిల్లని తీసుకురావచ్చు కదా? ఇంత దేశం, ఒక నిచ్చెన లేదా?" నా దగ్గర అప్పుడు సరైన జవాబు లేదు. జూలైలో మా అపార్ట్‌మెంట్ చెట్టు కింద ఒక గద్దపిల్ల దొరికాక గానీ నేను ఈ విషయాలన్నీ కుదురుగా చదవలేదు. ఎప్పుడు చెయ్యి పెట్టకూడదు, ఎప్పుడు పెట్టాలి అన్నది నాలాగే తెలియనివాళ్ళు మన కాలనీల్లో చాలామంది ఉంటారని ఇది రాస్తున్నాను.

ముందు ఆ గూటి సంగతి. బాల్డ్ ఈగిల్ దాదాపు 35 రోజులు పొదుగుతుంది. రెండు మూడు రోజుల తేడాతో గుడ్లు పెడుతుంది కాబట్టి పిల్లలూ అదే తేడాతో బయటికొస్తాయి. జాకీ పిల్లలు మార్చి 3న, 4న, 8న పుట్టాయి. ఆఖరిది మిగతా వాటికంటే చిన్నగా ఉంటుంది, మేత కోసం పోటీలో వెనకబడుతుంది. అంతకుముందు ఏడు, అంటే 2024లో, జాకీ మూడు గుడ్లు పెట్టి వారాల తరబడి పొదిగింది. ఒకసారి మంచులో 60 గంటలకు పైగా గూడు దిగలేదు. ఒక్క గుడ్డు కూడా పిల్ల కాలేదు. అందుకే 2025లో ముగ్గురు పుట్టేసరికి ప్రపంచం నలుమూలలా జనం టీవీలకి అతుక్కుపోయారు. తుఫానులో పోయిన పిల్లకి మిస్టీ అని పేరు పెట్టారు. మిగిలిన రెండింటికి సన్నీ, గిజ్మో అని పేర్లు పెట్టింది అక్కడి మూడో తరగతి పిల్లలు. జూన్ 2న సన్నీ, 7న గిజ్మో గూడు వదిలి ఎగిరాయి. అత్తయ్య ఆ రోజు పాయసం చేశారు.

మరి నిచ్చెన ఎందుకు వెయ్యరు? మొదటి కారణం చట్టం. బాల్డ్ ఈగిల్‌ని ముట్టుకోవడం, బెదరగొట్టడం, గూటి జోలికి వెళ్ళడం 1940 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కెమెరా నడిపే సంస్థకైనా ప్రత్యేక అనుమతి లేకుండా ఆ హక్కు లేదు. రెండోది అంతకంటే పెద్ద కారణం. మనిషి చెట్టెక్కితే పెద్ద పక్షులు గూడు వదిలి లేచిపోతాయి, ఆ కాసేపట్లో చలికో ఎండకో మిగతా పిల్లలు పోతాయి. రెక్కలు సగం వచ్చిన పిల్లలైతే భయపడి ముందే దూకేస్తాయి. ఒకదాన్ని కాపాడబోయి రెండింటిని పోగొట్టుకున్నట్టవుతుంది. చలి, ఆకలి, గాలివాన, అన్నదమ్ముల పోట్లాట, ఇవన్నీ ఆ పక్షుల బతుకులో భాగం. బాల్డ్ ఈగిల్ మొదటి ఏడు గడిచి బతకడమే గొప్ప.

అలాగని ఎప్పుడూ చెయ్యి పెట్టరని కాదు. ఫ్లోరిడాలో ఫోర్ట్ మయర్స్ దగ్గర హేరియట్, ఎమ్15 అనే జంట గూటికి కూడా కెమెరా ఉండేది. 2021 జనవరి చివర్లో వాళ్ళ రెండు పిల్లలకి, ఈ17, ఈ18 వాటి పేర్లు, పుట్టిన కొద్ది రోజులకే కళ్ళు పుసికట్టి మూసుకుపోవడం కెమెరాలో చూసేవాళ్ళకి కనిపించింది. కళ్ళు కనపడకపోతే తల్లి అందించే ముక్క పట్టుకోలేవు. ఫెడరల్ అధికారుల అనుమతితో వాటిని దించి, సానిబెల్ దీవిలో క్రో అనే వన్యప్రాణి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కంటి ఇన్‌ఫెక్షన్‌కి మందులు వేసి, వారం రోజుల్లో తిరిగి అదే గూట్లో పెట్టారు. హేరియట్ వచ్చింది, చూసింది, చేప ముక్కలు పెట్టింది.

ఈ చివరి ముక్క మనవాళ్ళకి ముఖ్యం. "మనిషి చెయ్యి తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదు" అని మనం చిన్నప్పటినుంచి విన్నాం. పిచ్చుక పిల్ల కింద పడితే పెద్దవాళ్ళు మనల్ని ముట్టుకోనిచ్చేవారు కాదు. పక్షుల విషయంలో అది నిజం కాదు. వారం రోజులు ఆసుపత్రిలో మనుషుల చేతుల్లో ఉన్న పిల్లల్ని కూడా ఆ తల్లి వదల్లేదు. (హేరియట్ 2023 ఫిబ్రవరిలో ఒకరోజు ఎగిరి వెళ్ళి మళ్ళీ రాలేదు. ఆ ఏటి రెండు పిల్లల్నీ ఎమ్15 ఒక్కడే పెంచి పెద్ద చేశాడు. ఇది విన్నాక మా ఆయన రెండు రోజులు వంటింట్లో సాయం చేశారు.)

అసలు ఈ కెమెరాల్లో చూడ్డానికి గద్దలు మిగలడమే ఒక కథ. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ దేశంలో పొలాల మీద, దోమల మీద డీడీటీ విపరీతంగా చల్లారు. అది నీళ్ళలోకి, నీళ్ళలోంచి చేపల్లోకి, చేపల్లోంచి గద్దల ఒంట్లోకి చేరింది. డీడీటీ చంపిన తీరు విచిత్రం. పెద్ద పక్షి ఆరోగ్యంగానే కనిపిస్తుంది, గుడ్లూ పెడుతుంది. కానీ ఒంట్లో చేరిన ఆ రసాయనం పెంకుకి కాల్షియం సరిగా పట్టనివ్వదు. పొదగడానికి కూర్చున్న తల్లి బరువుకే గుడ్డు చితికిపోతుంది. 1963 నాటికి అలాస్కా, హవాయి కాక మిగతా 48 రాష్ట్రాల్లో బాల్డ్ ఈగిల్ జంటలు 417 మాత్రమే మిగిలాయి. పెరెగ్రిన్ ఫాల్కన్ గతి ఇంకా అన్యాయం. మిసిసిపీ నదికి తూర్పున గూడు కట్టే జంట ఒక్కటీ లేకుండా పోయింది. పెరెగ్రిన్ అంటే మన బైరి డేగ. మన పాత రాజులు డేగల చేత వేటాడించేవారు. వేటడేగని సాళువ అనేవారు, విజయనగరాన్ని ఏలిన సాళువ నరసింహరాయల వంశం పేరులో ఉన్నది ఆ మాటే.

1972లో అమెరికా డీడీటీని నిషేధించింది. కార్నెల్ యూనివర్సిటీలో టామ్ కేడ్ అనే ప్రొఫెసర్ 1970లో పెరెగ్రిన్ ఫండ్ అనే సంస్థ పెట్టి, పంజరాల్లో ఫాల్కన్లని పెంచి, పిల్లల్ని కొండల మీద, తర్వాత నగరాల్లో ఎత్తైన భవనాల మీద వదలడం మొదలుపెట్టారు. 1999లో పెరెగ్రిన్‌ని, 2007లో బాల్డ్ ఈగిల్‌ని అంతరించే జాతుల జాబితాలోంచి తీసేశారు. 2019 లెక్క ప్రకారం ఆ 48 రాష్ట్రాల్లో గూళ్ళు కట్టే బాల్డ్ ఈగిల్ జంటలు 71,400. 1782 నుంచి ప్రభుత్వ ముద్ర మీద ఉన్నా, చట్టప్రకారం జాతీయ పక్షి అయింది మాత్రం 2024 డిసెంబరులోనే.

ఈ పెరెగ్రిన్ ఫండ్‌కి మన దేశంతోనూ సంబంధం ఉంది. మన చిన్నప్పుడు ఊరవతల పశువు కళేబరం మీద గుంపుగా వాలే రాబందులు 1990లలో ఒక్కసారిగా మాయమయ్యాయి. నూటికి 95కి పైగా పోయాయి. ఎందుకో చాలా ఏళ్ళు ఎవరికీ అంతు పట్టలేదు. ఆ సంస్థ తరఫున పాకిస్తాన్‌లో పనిచేసిన బృందం 2004లో జవాబు చెప్పింది. పశువుల నొప్పులకి వాడే డైక్లోఫెనాక్. ఆ మందు వేసిన పశువు చనిపోతే, దాన్ని తిన్న రాబందుకి కిడ్నీలు పాడవుతాయి. 2006లో భారత్ పశువులకి ఆ మందు వాడకం ఆపేసింది. 2013లో తెలంగాణలో బెజ్జూరు అడవుల్లో, పాలరాపు గుట్ట మీద రాబందుల గూళ్ళు కనిపించినప్పుడు అంత సంబరపడింది అందుకే. జటాయువు కథ చెప్పి పెంచిన మన ఇళ్ళలో పిల్లలకి ఈ కథ కూడా చెప్పాలి.

ఇక మన ఇర్వింగ్. ఈగిల్‌ని చూడాలంటే కాలిఫోర్నియా దాకా పోనక్కర్లేదు. డల్లాస్‌లో వైట్ రాక్ లేక్ దగ్గర నిక్, నోరా అని జనం ముద్దుగా పిలిచే బాల్డ్ ఈగిల్ జంట ఉంది. 2022లో ఈదురుగాలులకి వాటి గూడు కూలిపోతే నగరమంతా బాధపడింది. సీగోవిల్ వైపు జాన్ బంకర్ శాండ్స్ వెట్‌ల్యాండ్ సెంటర్ దగ్గర మరో జంటని దూరం నుంచి చూడొచ్చు. ఆస్టిన్‌లో పిల్లలు చదువుకుంటున్న వాళ్ళు యూటీ టవర్ మీద పెట్టిన ఫాల్కన్ కెమెరా గురించి అడగండి. గూడుపెట్టెలో కూర్చున్న ఆడ పెరెగ్రిన్‌కి అక్కడివాళ్ళు టవర్ గర్ల్ అని పేరు పెట్టారు. ఎక్కడైనా నడిచి వెళ్ళి చూసేటప్పుడు గూటికి 330 అడుగుల లోపలికి పోవద్దని ఫెడరల్ మార్గదర్శకాలు. ఫొటో బాగా రావాలని డ్రోన్ ఎగరేసే మన తమ్ముళ్ళకి ఇది మరీ మరీ చెప్పాలి.

కానీ మన ఇళ్ళ మధ్యనే గూడు కట్టేది మిసిసిపీ కైట్. బూడిదరంగు ఒళ్ళు, లేత తల, నల్ల తోక, ఎర్రటి కళ్ళు, మన గద్దకంటే చిన్నది. చలికాలం దక్షిణ అమెరికాలో గడిపి ఏప్రిల్‌లో టెక్సస్ చేరుతుంది. కాంపియన్ ట్రెయిల్ మీద సాయంత్రం నడిచేవాళ్ళు చూసే ఉంటారు, గాల్లోనే తూనీగల్ని, చెట్లమీద అరిచే సికాడా పురుగుల్ని పట్టుకుని ఎగురుతూనే తినేస్తుంది. జూన్, జూలైల్లో గూటి కిందనుంచి ఎవరైనా వెళితే తల మీదకి దూసుకొస్తుంది. "గద్ద తన్నింది, అశుభమా?" అని ఒక స్నేహితురాలు అడిగింది. అశుభమూ లేదు, శకునమూ లేదు. దానికి పిల్లలున్నాయి, అంతే. ఒక రెండు మూడు వారాలు గొడుగు వేసుకుని వెళ్ళండి, లేదా అవతలి పక్కనుంచి నడవండి.

జూలై మొదటి వారం. అత్తయ్య తిరుగు ప్రయాణానికి ఇంకా పది రోజులుంది. సాయంత్రం పాపతో కిందకి వెళ్ళినవారు పరుగున వచ్చారు. ఓక్ చెట్టు కింద గద్దపిల్ల. ఒళ్ళంతా సగం తెల్లటి నూగు, సగం ఈకలు. నోరు తెరిచి రొప్పుతోంది. ఆ రోజు ఎండ నూరు డిగ్రీలు. అత్తయ్య అప్పటికే చిన్న గిన్నెలో పాలు, స్పూను పట్టుకుని ఉన్నారు. "దాహంతో ఉందమ్మా, రెండు చుక్కలు పోద్దాం" అన్నారు. నేను కూడా సరే అనబోయాను. పాపే ఆపింది. వాళ్ళ క్లాసుకి ఎవరో డేగని తీసుకొచ్చి చూపించి, పక్షికి నోట్లో ఏమీ పొయ్యొద్దని చెప్పారట.

ఆ మాట ఎంత నిజమో తర్వాత తెలిసింది. పక్షి నాలుక మొదట్లోనే శ్వాసనాళం తెరుచుకుని ఉంటుంది. మనం స్పూనుతో పోసేది తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాలు పక్షులకి అరగవు. అన్నం, బ్రెడ్డు గద్దకి ఆహారమే కాదు. ఒళ్ళు ఎండిపోయి నీరసించిన పక్షికి మాంసం పెట్టినా ప్రమాదమే. ముందు ఒంట్లోకి నీళ్ళెక్కించాలి, అదీ తెలిసినవాళ్ళు.

అయితే చెయ్యాల్సిందేంటి? కింద పడ్డ ప్రతి పిల్లా దిక్కులేనిది కాదు. ఒళ్ళంతా ఈకలొచ్చి, గంతులేస్తూ, కొమ్మ మీదకి ఎక్కబోతుంటే అది ఎగరడం నేర్చుకుంటోంది. తల్లిదండ్రులు పైనుంచి చూస్తూ మేత పెడుతూనే ఉంటారు. కుక్కల్ని, పిల్లిని లోపల కట్టేసి మనం దూరంగా జరగడమే సాయం. నూగు ఇంకా ఎక్కువుండి గూట్లోంచి జారినదైతే, దెబ్బ తగలకపోతే, దాన్ని తిరిగి చెట్టు మీద పెట్టించవచ్చు. గూడు అందకపోతే లాండ్రీ బుట్టకి అడుగున చిల్లులు పెట్టి కొమ్మకి కట్టి అందులో పెడతారు. తల్లి అక్కడికే వస్తుంది. ఆ నిర్ణయం మాత్రం ఫోన్లో రీహాబ్ వాళ్ళని అడిగి తీసుకోవాలి. రక్తం కారుతున్నా, రెక్క వేలాడుతున్నా, ఈగలు ముసురుతున్నా, పిల్లి నోట కరిచినా, అద్దానికి గుద్దుకున్నా, మనిషి దగ్గరికెళ్ళినా కదలకుండా కూర్చున్నా, ఆగకూడదు.

పట్టుకోవడం ఇలా. అడుగున పాత టవల్ పరిచి, చిన్న చిల్లులు పెట్టిన అట్టపెట్టె సిద్ధం చేసుకోవాలి. మందపాటి గ్లవ్స్ వేసుకుని, మరో టవల్ పక్షి తల మీదుగా కప్పాలి. కళ్ళకి చీకటైతే సగం శాంతిస్తుంది. అందరూ ముక్కుకి భయపడతారు గానీ భయపడాల్సింది కాళ్ళకి. ఆ గోళ్ళ పట్టు పడితే విడిపించుకోవడం కష్టం. పెట్టెలో పెట్టి మూత వేసి, చల్లగా, చీకటిగా, నిశ్శబ్దంగా ఉంచాలి. మధ్యమధ్యలో తెరిచి ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు. పెద్ద గద్దకి మనమే ప్రాణాంతకమైన జంతువులం, మన ముఖం చూసిన ప్రతిసారీ దాని గుండె అదిరిపోతుంది. కార్లో పాటలు పెట్టకూడదు. బాల్డ్ ఈగిల్ అంత పెద్ద పక్షి అయితే అసలు ముట్టుకోవద్దు, ఫోన్ చేసి వాళ్ళనే పిలవండి.

ఇక్కడ మా ఆయనకొచ్చిన సందేహం మీలో చాలామందికి వస్తుంది. "మనం వీసా మీద ఉన్నాం. ఫెడరల్ చట్టం అంటున్నావు. పక్షిని కార్లో పెట్టుకుంటే కేసవుతుందేమో?" వలస పక్షుల చట్టం 1918 నాటిది. దాని ప్రకారం గద్దని పెంచుకోవడమే కాదు, రాలిన ఈక దాచుకోవడం కూడా తప్పే. (స్కూల్ ప్రాజెక్టుకని పిల్లలు ఏరుకొచ్చిన గద్ద ఈకలు ఇంట్లో ఉంటే ఉన్నచోటే వదిలేసి రమ్మనండి.) కానీ దెబ్బతిన్న పక్షిని వెంటనే లైసెన్సున్న రీహాబిలిటేటర్‌కి చేర్చడానికి ఎవరైనా తీసుకెళ్ళొచ్చని ఆ నిబంధనల్లోనే స్పష్టంగా ఉంది. నాలుగు రోజులు ఇంట్లో ఉంచుకుని సేవ చేద్దామనుకుంటేనే ఇబ్బంది.

మన చుట్టుపక్కల ఇందుకు చోట్లున్నాయి. ఉత్తరంగా లూకస్‌లో బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ రాప్టర్ సెంటర్, వేటపక్షుల కోసమే ఉంది. డల్లాస్‌కి దక్షిణంగా హచిన్స్‌లో రోజర్స్ వైల్డ్‌లైఫ్ రీహాబిలిటేషన్ సెంటర్ అన్నిరకాల పక్షుల్నీ తీసుకుంటుంది. డీఎఫ్‌డబ్ల్యూ వైల్డ్‌లైఫ్ కొయలిషన్‌కి ఫోన్ చేస్తే ఏం చెయ్యాలో చెబుతారు. టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వెబ్‌సైట్లో కౌంటీల వారీగా లైసెన్సున్నవాళ్ళ జాబితా ఉంటుంది. వెళ్ళేముందు తప్పకుండా ఫోన్ చెయ్యండి. జూన్, జూలైల్లో వాళ్ళ దగ్గర చోటు కూడా ఉండదు. వీటిలో ఎక్కువ భాగం విరాళాల మీద, వాలంటీర్ల మీద నడిచేవే.

మా పిల్లని తీసుకెళ్ళిన చోట ఒక పెద్దావిడ పెట్టె తెరిచి, చర్మం చిటికెతో పట్టి చూసి, "డీహైడ్రేషన్, రెక్క బాగానే ఉంది" అన్నారు. చర్మం కిందకి సూదితో నీళ్ళెక్కించారు. ఎక్స్‌రే తీశారు. ఆపైన దాన్ని తన ఈడు పిల్లలున్న గదిలో పెట్టారు. ఒంటరిగా మనిషి చేత్తో తిని పెరిగిన పిల్ల మనిషినే తల్లి అనుకుంటుంది, ఇక అడవికి పనికిరాదు. అందుకే కొన్నిచోట్ల గద్ద తలలా కుట్టిన బొమ్మని చేతికి తొడుక్కుని మేత పెడతారు, మరికొన్నిచోట్ల మళ్ళీ ఎగరలేని ముసలి గద్దని పెంపుడు తల్లిగా పెడతారు. ఈకలు విరిగితే, రాలిన ఈకల్లోంచి సరైనది ఏరి, సన్నటి పుల్లతో విరిగిన మొదలుకి అతికిస్తారు. ఈ విద్య డేగల్ని పెంచే వేటగాళ్ళది, వందల ఏళ్ళ నాటిది. చివరికి పెద్ద పంజరంలో ఎగిరి, తన తిండి తను పట్టుకోగలదని తేలాకే వదులుతారు. కైట్‌కి ఇంకో తొందర కూడా ఉంది. సెప్టెంబరు మొదటికల్లా తోటివి దక్షిణానికి బయల్దేరతాయి. అప్పటికి ఎగరలేకపోతే చలికాలమంతా పంజరమే.

మేము కాగితాలు నింపుతుండగా మరొకరు పెట్టెతో వచ్చారు. లోపల రెడ్‌షోల్డర్డ్ హాక్, పూర్తిగా ఎదిగింది. ఎక్కడా గాయం లేదు. కానీ నోట్లోంచి రక్తం, కళ్ళు పాలిపోయి ఉన్నాయి. లోపలికి తీసుకెళ్ళిన వాలంటీరు తిరిగొచ్చి, మేం అడక్కుండానే, "ఎలకల మందు" అన్నారు.

నేను అప్పటిదాకా ఆలోచించని విషయం అది. మన అపార్ట్‌మెంట్ల గోడల పక్కన, మన గ్రోసరీ స్టోర్ల వెనక, చెత్త డబ్బాల దగ్గర నల్లటి ప్లాస్టిక్ పెట్టెలుంటాయి చూడండి. వాటిలో ఉండే మందుల్లో ఎక్కువ భాగం రక్తం గడ్డకట్టనివ్వనివి. విటమిన్ కె పనిని ఆపేస్తాయి. ఎలక తిన్న వెంటనే చావదు. కొన్ని రోజులు మత్తుగా, నిదానంగా, పట్టపగలే తిరుగుతుంది. గద్దకి, గుడ్లగూబకి అంత సులువైన ఆహారం మరొకటి దొరకదు. అలా ఎలక తర్వాత ఎలక, మందు గద్ద కాలేయంలో పేరుకుంటుంది. ఒకరోజు చిన్న దెబ్బ తగిలినా రక్తం ఆగదు. మసాచుసెట్స్‌లో టఫ్ట్స్ యూనివర్సిటీ పశువైద్యశాల 43 రెడ్‌టెయిల్డ్ హాక్‌లని పరీక్షిస్తే 43 లోనూ ఈ మందు దొరికింది. న్యూయార్క్ జూ నుంచి తప్పించుకుని ఏడాది పాటు నగరమంతా అలరించిన ఫ్లాకో అనే గుడ్లగూబ 2024 ఫిబ్రవరిలో చనిపోయినప్పుడు కూడా దాని ఒంట్లో ఇదే ఉంది. సమయానికి తెస్తే విటమిన్ కె ఇచ్చి కొన్నింటిని బతికిస్తారు. ఆ హాక్ బతకలేదని తర్వాత తెలిసింది.

ఈగిల్స్‌కి మరో విషం సీసం. తూటా దెబ్బకి చచ్చిన జింక పేగుల్లో మిగిలే సీసపు తునకలు తిని అవి పాడవుతాయి. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం 38 రాష్ట్రాల్లో 1,210 ఈగిల్స్‌ని చూస్తే దాదాపు సగం వాటి ఎముకల్లో దీర్ఘకాలంగా పేరుకున్న సీసం ఉంది. మనలో వేటకెళ్ళేవాళ్ళు తక్కువ కాబట్టి దాన్నలా ఉంచుదాం. ఎలకల మందు మాత్రం మన గుమ్మంలోనే ఉంది.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. ఎలకలు ఊరికే రావు. అమావాస్యకో, తద్దినానికో కాకులకని పేటియో మీద పెట్టే పిండం, అన్నం ముద్దలు, పక్షులకని రోజూ గుప్పెడు గుప్పెడు చల్లే బియ్యం, చెత్త డబ్బా పక్కన వదిలేసే పార్టీ భోజనాల ట్రేలు. మా ఇంట్లోనూ పెట్టాం. రాత్రికి అవి తినేది కాకి కాదు. ఎలకలు పెరిగాయని ఎవరో ఒకరు ఆఫీసుకి ఫిర్యాదు చేస్తారు, ఆఫీసు నల్లపెట్టెలు పెట్టిస్తుంది. పెట్టాల్సినవాళ్ళు పెట్టండి, పితృకార్యం ఎవరూ మానక్కర్లేదు. ఒక అరగంట ఆగి మిగిలింది తీసేస్తే చాలు.

మా కాంప్లెక్స్ ఆఫీసుకి జూలైలోనే ఈమెయిల్ రాశాను. మందు బదులు అవే పెట్టెల్లో స్ప్రింగు బోనులు పెట్టొచ్చు, గోడల్లో కన్నాలు మూయొచ్చు, చెత్త డబ్బా మూతలు సరిచెయ్యొచ్చు అని. మొదట జవాబు లేదు. ఆరుగురు తెలుగువాళ్ళం, ఇద్దరు గుజరాతీలు, కింది ఫ్లోరులో ఉండే ఒక మెక్సికన్ కుటుంబం, అందరం సంతకాలు పెట్టి ఇచ్చాక పెస్ట్ కంట్రోల్ వాళ్ళతో మాట్లాడతామన్నారు. సెప్టెంబరులో మా బిల్డింగ్ చుట్టూ ఉన్న నాలుగు పెట్టెల్లో మందు తీసి బోనులు పెట్టారు. మిగతా బిల్డింగుల దగ్గర ఇంకా మందే.

అత్తయ్య జూలై మధ్యలో వెళ్ళిపోయారు. ఆగస్టు 20న రీహాబ్ నుంచి మెసేజ్ వచ్చింది, మరో ఐదు కైట్లతో పాటు మన పిల్లని కూడా వదిలేశామని, పొలం గట్టు మీద తెరిచిన పెట్టె ఫొటోతో. ఫొటోలో పక్షి లేదు, పెట్టె ఖాళీగా ఉంది. అది అత్తయ్యకి పంపితే తెనాలి నుంచి వెంటనే ఫోన్ చేశారు. "అది సరేనమ్మా, సంతోషం. మిగతా బిల్డింగుల సంగతేం చేశారు?" అన్నారు. ప్రతి ఆదివారం అదే అడుగుతున్నారు. జనవరిలో జాకీ గుడ్లు పెట్టే టైముకి ఆవిడ టీవీలో యూట్యూబు పెట్టించుకోవాలట. అక్కడ రాత్రయితే ఇక్కడ పగలు కదా, గూడు బాగానే కనిపిస్తుందని లెక్క వేసుకుని కూర్చున్నారు.